పాలజిగురు విల్లు

మా అత్తవారిది గుళ్ళో స్వామికి పూలదండలు కట్టే ఇల్లు. ఊరు చీపురుపల్లి స్టేషనుకి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. గుడి చిన్నది. సేవ చేసినందుకు మా వాళ్ళకి దక్కిన మాన్యం ఇంకా చిన్నది. దండలతో పాటు మా ఇంటికి మరో సేవ కూడా ఉండేది. దసరానాడు జమ్మివేటకి స్వామిని పల్లకిలో ఊరి బయట జమ్మిచెట్టు దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ స్వామి తరఫున బాణం వెయ్యాల్సింది మా ఇంటి మగవాడు. బాణం జమ్మికొమ్మల మీదుగా వెళ్ళి అవతలి చేలో పడాలి. అది పడ్డాకే జనం ఆకు కోసుకుని ఒకళ్ళకొకళ్ళు పంచుకుంటారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ బాణం మా మరిది వేసేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఇంకా పెళ్ళి కాలేదు. విల్లేమో తాతల నాటిది. ఒకే కర్రలోంచి చెక్కింది, మనిషంత ఎత్తు, నూనె తాగి తాగి నల్లగా అయిపోయింది. దాన్ని మూల నుంచి ఇవతలికి తియ్యాలంటే నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చేది. మా మరిది దాన్ని గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగేవాడు. అన్నదమ్ములిద్దరికీ చిన్నప్పటి ఆట ఒకటుండేది. మా ఆయన చేలోంచి వస్తూ కనపడితే చాలు, మరిది అరుగు మీద నుంచే ఉత్త చేతులతో విల్లు లాగినట్టు లాగి "ట్టుం" అనేవాడు. మా ఆయన గుండె పట్టుకుని గట్టు మీద కూలబడేవాడు. మీసాలొచ్చాక కూడా ఆ ఆట మానలేదు. "సాల్లే సంబడం, ఊరు నవ్వతాది" అని మా అత్త కేకలేసేది గానీ ఆవిడే ముందు నవ్వేది.

మాన్యం పంట ఇంటికి చాలేది కాదు. మా వైపు మగవాళ్ళు అప్పట్లో అందరూ చేసినట్టే మా ఆయన ఓడెక్కి రంగూను వెళ్ళాడు. అక్కడ టీ పెట్టెలు చేసే మిల్లులో పని. చెక్కని కాగితంలా పల్చగా ఒలిచి, పొర మీద పొర జిగురుతో అంటించి, పెట్టెలు చేస్తారట. ఏడాది తిరక్కుండానే తమ్ముణ్ణి కూడా పిలిపించుకున్నాడు. దసరాకి ఒకళ్ళయినా వచ్చి బాణం వేసి వెళ్తామని చెప్పారు. రెండు దసరాలకి మరిది వచ్చాడు కూడా.

తర్వాత జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ఎండాకాలంలో విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయని, పట్నం ఖాళీ అవుతోందని చెప్పుకున్నారు. మూటలు, పిల్లలు, కోళ్ళబుట్టలతో బళ్ళు మా ఊరి మీదుగా పోతుండేవి. మా అత్త గుమ్మంలో నిలబడి ప్రతి బండిలోకీ తొంగి చూసేది. రంగూను వాళ్ళు ఓడలు దొరక్క, కొండలెక్కి అడవుల్లోంచి నడిచి వస్తున్నారని అంతకుముందే విన్నాం.

తొలకరి వానలప్పుడు మా ఆయన వచ్చాడు. నేను పెరట్లో నందివర్ధనాలు కోస్తున్నాను. వీధి వైపు నుంచి మా అత్త గొంతు వినపడితే పరిగెత్తాను. గుమ్మం ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరో బిచ్చగాడనుకున్నాను. కుడి భుజం కిందికి జారి ఉంది. చేతిలో మూట లేదు, సంచి లేదు, కర్ర కూడా లేదు. మా అత్త ఆయన ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"తమ్ముడేడిరా?"

"ఎనకాల వస్తన్నాడమ్మా," అన్నాడు.

ఆ మాట అని లోపలికొచ్చి, గోడకి చేరగిలబడి, కూచున్నట్టే నిద్రపోయాడు. మా అత్త వీధి చివరిదాకా వెళ్ళి నిలబడింది. వాన మొదలైంది. నేను తాటాకు గొడుగు తీసుకుని వెళ్ళి పిలిచాను. "ఉండవే, వస్తన్నాడట గదా," అంది. చీర తడిసి ఒంటికి అతుక్కుపోయేదాకా అక్కడే ఉంది.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ఎంత వెనకాల, ఎవరితో వస్తున్నాడు, ఏ ఊళ్ళో విడిపోయారు అని బంధువులు అడిగారు, పూజారిగారు అడిగారు. ఆయన ఎవరికీ ఇంకో ముక్క చెప్పలేదు. కొన్నాళ్ళకి అడిగేవాళ్ళు అడగడం మానేశారు. మా అత్త మాత్రం ఆ మాటనే పట్టుకుని ఉంది. బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఎవరో రైలు దిగారని వినపడితే చాలు, ఏ బండి దొరికితే ఆ బండెక్కి చీపురుపల్లి వెళ్ళేది. స్టేషన్లో గంజి పోసే చోట నిలబడి, తాగుతున్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసి వచ్చేది. మా ఆయన ఎన్నడూ తోడు వెళ్ళలేదు. వద్దని కూడా అనలేదు.

ఇంట్లో ఆయనతో ఉండడం నాకు కొత్త మనిషితో ఉన్నట్టుండేది. చేతికి ఏది వచ్చినా ముందు బరువు చూసేవాడు. చెంబు, పీట, దండల బుట్ట, ఏదైనా సరే ఒకసారి అరచేతిలో ఎత్తి చూసి కింద పెట్టేవాడు. ఇంకొకటి, ఎవరైనా తన వెనకాల నడుస్తుంటే ఓర్చుకోలేకపోయేవాడు. గుడికి వెళ్తూ నేను అలవాటుగా వెనకబడితే ఆగిపోయేవాడు. "ముందు నువ్వెల్లు" అనేవాడు. సందులో ఎవరి అడుగుల చప్పుడైనా వినపడితే గోడకి తప్పుకుని, వాళ్ళు దాటిపోయేదాకా కదిలేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేని గట్టు మీద నడుస్తూ కూడా వెనక్కి తిరిగి చూసి నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. నాకు ఆ గట్టు మీద ఏమీ కనపడేది కాదు. అయినా ఆయన అలా చూసినప్పుడు నేనూ అటే చూసేదాన్ని. కాసేపయితే అక్కడ ఎవరో ఉన్నట్టే అనిపించేది.

ఆ ఏడు జమ్మివేటకి ఆయనే విల్లు పట్టాల్సి వచ్చింది. జారిన భుజంతో ఆ నల్లవిల్లు ఎత్తడమే కష్టమైంది. అల్లెతాడు సగం కూడా రాలేదు. బాణం ఎగిరి, పల్లకీ బోయీల కాళ్ళ దగ్గర అడ్డంగా పడింది. జనం మంచివాళ్ళే, ఎవరూ నవ్వలేదు. పూజారిగారు ఇంకెవరి చేతో బాణం వేయించి వేట ముగించారు. ఇంటికొచ్చాక మా అత్త ఆయన భుజానికి ఆముదం రాస్తూ, "పోనీలేరా. వచ్చే ఏడికి తమ్ముడొచ్చేస్తాడు గదా. ఆడే ఏస్తాడు," అంది.

ఆయన ఆవిడ చెయ్యి తప్పించుకుని లేచిపోయాడు.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకి ఆయన పాతపట్నం సంతకి వెళ్ళి వెదురు తెచ్చాడు. కొండల మీది వెదురు, కణుపు దూరంగా ఉన్నది. దాన్ని చీల్చి, లోపలి మెత్తటి భాగం తీసేసి, పైతోలు దగ్గరి గట్టి బద్దలు మాత్రం ఉంచుకున్నాడు. బొమ్మలు చేసే అంకుడు కర్ర తెచ్చి పల్చటి పలకలా చెక్కాడు. విల్లు చేస్తున్నానన్నాడు.

"ఒకే కర్రతో సేస్తే బలం రావాలంటే లావుండాల. లావుంటే బరువు," అని నాకు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆయన నాతో అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు. "విల్లు వంగితే బయటి పక్క సాగతాది, లోపలి పక్క నలుగుతాది. మద్దిలో ఉన్నదానికి పెద్ద పనే నేదు. అక్కడ బరువెందుకు? మద్దిలో అంకుడు, రెండు పక్కలా వెదురు. పొరకి పొర అంటిస్తే సాలు. మిల్లులో మేం సేసిందదే. ఒక్క పొర పట్టుకుంటే సిరిగిపోతాది. అన్నీ కలిపితే మనిసెక్కి నిలబడొచ్చు."

జిగురు పాలతో చేశాడు. వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, నీళ్ళు పిండేసి, ఆ ముద్దని ఎండబెట్టి, రోట్లో దంచి, తడిసున్నం కలిపేవాడు. చూస్తుండగానే అది పాకంలా సాగేది. గట్టిపడిందంటే నీళ్ళకి కరిగేది కాదు. ఇంటినిండా పులిసిన వాసన. బియ్యం దొరకని రోజులవి. మజ్జిగ కోసం ఇంటి ముందు గిన్నెలు పట్టుకుని పిల్లలు నిలబడేవాళ్ళు.

"పిల్లలకి పొయ్యాల్సిన పాలు కర్రలకి పూస్తన్నావేటిరా?" అని మా అత్త కోప్పడింది.

"ఒక్క విల్లే అమ్మా," అన్నాడు.

ఒక్కటి కాలేదు. మొదటిది వైశాఖంలో సముద్రపు గాలికి ఉబ్బి, పొరలుగా విడిపోయింది. రెండోది ఆయన మోకాలి మీద వంచుతుంటే విరిగింది. ఎముక విరిగినట్టు చప్పుడయింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన చెవులు మూసుకుని కూచుని ఉన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ వెదురు ముట్టుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు విల్లు వీపు మీద జనపనార పరిచాడు. నార నానబెట్టి, దువ్వి, వెంట్రుకల్లా విడదీసి, జిగురులో ముంచి, చివరి నుంచి చివరికి సాపుగా పెట్టి అంటించాడు. సాగే పక్కన ఈ నార పట్టు ఉంటే వెదురు చిట్లదన్నాడు. కొబ్బరితాడుతో దాన్ని వంపు చెక్కకి కట్టేసి, ఆవులపాక చూరుకింద నీడలో ఆరబెట్టాడు. తాడు విప్పిన రోజున నా చేతికిచ్చాడు. మనిషంత పొడుగున్న విల్లు. చేతిలో పెడితే ఎండిన అరటాకు పెట్టినట్టుంది.

"లాగు," అన్నాడు.

"నేనా?"

"నాను లాగితే వంపు నాకు కనపడదు. నువ్వు లాగు, నాను సూస్తాను. ఎప్పుడూ ఉత్తినే ఒదిలీకు, ఇరిగిపోతాది. లాగినంత మెల్లిగా ఎనక్కి పంపాల."

ఆడది విల్లు పట్టుకోవడం మా ఇళ్ళలో ఎవరూ ఎరగరు. అందుకని పెరట్లో ఆవులపాక చాటున లాగేదాన్ని. ఆయన దూరంగా గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి, విల్లు పైకొమ్మ ఎంత వంగుతోంది, కిందికొమ్మ ఎంత వంగుతోంది అని చూసేవాడు. తర్వాత విల్లు తీసుకుని గాజుపెంకుతో గీరేవాడు. చామంతి రేకుల్లాంటి పొట్టు రాలేది. మళ్ళీ నా చేతికిచ్చేవాడు. మొదట్లో అల్లెతాడు నా రొమ్ము దాకా వచ్చేసరికి చెయ్యి వణికేది. రోజులు గడుస్తుంటే చెంప దాకా తేలిగ్గా వచ్చేది. అప్పుడప్పుడూ ఆయన తనే తీసుకుని, జారిన భుజంతోనే పూర్తిగా లాగి చూసుకునేవాడు. నొప్పి కూడా లేదన్నాడు. నాకు సంతోషమేసింది. ఈ దసరాకి పరువు దక్కుతుందనుకున్నాను.

కానీ ఆయన గీరడం ఆపలేదు.

"ఇంక సాలదేటి?" అన్నాను ఒకరోజు. ఆయనతో ఉండి ఉండి ఆయన మాటే నాకూ వచ్చేది. "మీరు లాగుతున్నారు. నేను కూడా లాగుతున్నాను. ఇంకా పల్చన చేస్తే బాణం పోదు."

"ఇంకా బరువే," అన్నాడు పొట్టు దులుపుతూ. "జొరంతో ఉన్నోడు ఈమాత్రం కూడా లాగలేడు."

"ఎవరు?"

ఆయన గాజుపెంకు కింద పెట్టేశాడు. ఆయన వేలు తెగిందని అప్పుడు చూశాను. ఆయన చూసుకోలేదు. లేచి ఎటో వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే చెప్పాడు. మా అత్త స్టేషనుకి వెళ్ళిన పూట అది. మేమిద్దరం వసారాలో కూచుని అల్లెతాడుకి నార పేనుతున్నాం. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన కాలివేలికి చుట్టుకున్నాడు. తలెత్తకుండా చెప్పాడు.

"ముందు ఇనప్పెట్టి ఒగ్గేసినాను. తర్వాత గిన్నెలు. తర్వాత దుప్పట్లు. ఆడికి జొరం వచ్చాక ఆణ్ణి వీపు మీద ఎత్తుకున్నాను. బురద. ఎక్కడ సూసినా బురద. ఒక దిగుడు కాడ జారిపడ్డాను, ఈ బుజం అప్పుడే పోనాది. మళ్ళీ ఎత్తబోతే సెయ్యి లెగనేదు. ఒక సెట్టు కింద కూకోబెట్టినాను. అప్పటికే అక్కడ గంజాం వోళ్ళు ఇద్దరు ముగ్గురు పడున్నారు. ఆడే అన్నాడు, 'నువ్వు ముందు నడు అన్నా. కాస్త జొరం దిగితే నాను ఎనకాల వస్తాను' అని."

నార పురి ఆగిపోయింది. ఆయన మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.

"నాను అమ్మకి అబద్దం సెప్పనేదు. ఆడన్న మాటే సెప్పినాను."

"తర్వాత?"

"మలుపు కాడ ఎనక్కి సూసినాను. ఆడు నన్నే సూస్తన్నాడు. నన్ను నవ్వించాలని కావాల, ఇలగ విల్లు లాగినట్టు సెయ్యెత్తబోయాడు." ఆయన ఎడమచెయ్యి ముందుకి చాపి, కుడిచెయ్యి వెనక్కి తీసుకోబోయి, సగంలోనే ఆపేశాడు. "రానేదు. ఉత్త గాలిని లాగడానికి కూడా ఆడికి సత్తువ నేదు. సెయ్యి ఒళ్ళో పడిపోనాది. నాను గుండె పట్టుకుని కూలబడి ఉంటే బాగుండును. అదే మా ఆట గదా. పడితే మళ్ళీ లెగలేనని బయమేసినాది. తిరిగి నడిసినాను."

ముందున్న మజిలీలో ఆగి చూశాడట. వెనక నుంచి వస్తున్న గుంపులో ప్రతి మనిషినీ అడిగాడట. చెట్టు కింద చాలామంది ఉన్నారన్నారు. ఏ చెట్టని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత అక్కడి వాళ్ళు కదలమన్నారు. కదిలాడు.

అంతే. ఆయన ఏడవలేదు. నాకు ఏడుపు వచ్చింది గానీ కొస వదిలితే పురి విడిపోతుందని అలాగే పట్టుకుని కూచున్నాను.

మర్నాడు పొద్దున్నే విల్లు తనే తెచ్చి నా చేతికిచ్చాడు. ఇప్పుడు ఎవరి కోసమని నేను అడగలేదు. ఎంత తేలిగ్గా ఉండాలో మాత్రం ఇద్దరికీ తెలుసు. ఆయన "ఇంకా" అంటే లాగేదాన్ని. చివరికి ఒకరోజు నాకు చలిజ్వరం తగిలింది. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు ఇంకా ఒళ్ళు కాలుతుండగానే మంచం దగ్గరికి విల్లు తెచ్చి నిలబడ్డాడు. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. గోడకి ఆనుకుని లేచి లాగాను. కళ్ళు తిరుగుతున్నా అల్లెతాడు చెంప దాకా వచ్చింది. ఆయన నా చేతిలోంచి విల్లు తీసుకుని నెమ్మదిగా కింద పెట్టాడు. "సాలు," అన్నాడు. గాజుపెంకు ఆ రోజే నూతి పక్కన పాతిపెట్టాడు.

అంత మెత్తటి విల్లుతో మామూలు బాణం పోదు. అందుకని బాణం కూడా తేలిక చేశాడు. ఒళ్ళంతా రెల్లుకాడ, ముందు మాత్రం జానెడు వెదురుపుల్ల, మధ్యలో నారచుట్టు, పాలజిగురు. ఊదితే దొర్లిపోయేలా ఉంది. పెరట్లో వేసి చూస్తే కొబ్బరిచెట్టు దాటి పోయింది. బరువు తగ్గిన కొద్దీ దూరం పోతోందని చెప్పాడు గానీ ఆ మాటలో సంబరమేమీ లేదు.

దసరాకి ముందు వానలు పట్టుకున్నాయి. జిగురు విడిపోతుందేమోనని విల్లుని పొయ్యి మీది అటక మీద పెట్టి ఉంచాను. పండగనాటికి తెరిపిచ్చింది. పూజారిగారు విల్లు చూసి, "ఇదేమిటయ్యా, దండ కట్టే పుల్లలా ఉంది," అన్నారు.

జమ్మిచెట్టు దగ్గర పల్లకి దింపారు. బాణం వేసేవాడు చెట్టుకి ఎదురుగా, అందరికన్నా ముందు నిలబడాలి. పల్లకి, మేళం, ఊరంతా అతని వెనకే. ఆ సంగతి ముందే నాకెందుకు తట్టలేదో. ఆయన బాణం సంధించాడు. చెయ్యి ఎత్తాడు. ఎత్తి, వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ చెట్టు వైపు తిరిగాడు. మళ్ళీ వెనక్కి. మేళం ఆగిపోయింది. మూడోసారి తిరిగినప్పుడు విల్లుతో సహా తిరిగాడు. బాణం ములుకు జనం వైపుంది. ముందువరస వాళ్ళు వెనక్కి తగ్గారు, ఎవరో పిల్లవాణ్ణి చంకనెత్తుకున్నారు. ఆయన కళ్ళు మాత్రం జనాన్ని చూడ్డం లేదు. జనం చివర, మేమొచ్చిన బాట వైపు చూస్తున్నాయి. ఆ బాట మీద ఎవరూ లేరు. నేను చూశాను.

మా అత్త గుంపులోంచి ఇవతలికి వచ్చింది. బాణానికి ఎదురుగా నడిచి, ఆయన పక్కగా దాటి, వీపు వెనక నిలబడింది. ఆ వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఎనకాల ఎవలూ నేరురా," అంది. అందరికీ వినపడింది. "ఎవలూ రావట్నేదు. నానే ఉన్నాను. అటు తిరుగు."

ఆయన చెట్టు వైపు తిరిగాడు. లాగి వదిలాడు. చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. బాణం జమ్మికొమ్మలు దాటి, అవతలి చేను దాటి, ఇంకా అవతల చెరుకుతోట మీదుగా పోయింది. అంత దూరం మా మరిది కూడా ఎన్నడూ వెయ్యలేదు. జనం ఒక్కసారి కేకలేశారు. మేళం మళ్ళీ మొదలైంది. పిల్లలు బాణం వెతకడానికి పరిగెత్తారు గానీ దొరకలేదు.

మర్నాడు పొద్దున్న మా అత్త వసారాలో దండ కడుతుంటే, ఆయన ఎదురుగా కూచుని అంతా చెప్పాడు. పెట్టె, గిన్నెలు, దుప్పట్లు, భుజం, చెట్టు. ఎత్తబోయి పడిపోయిన చెయ్యి. ఈ విల్లు ఆ చేతికి సరిపోయేలా చేశానని కూడా చెప్పాడు. ఆవిడ చేతులు ఎక్కడా ఆగలేదు. ఒక్కొక్క పువ్వూ అరటినారలో ముడిపడుతూనే ఉంది. అంతా విన్నాక, "స్వామికి వేళవుతోంది, దండ ఇచ్చి రా," అంది.

ఆ తర్వాత ఆవిడ చీపురుపల్లి వెళ్ళడం మానేసింది. బర్మా మాట ఇంట్లో ఎత్తలేదు. మా ఆయన తిండి కొంచెం పెరిగింది. నేను వెనకాల నడిచినా ఆగేవాడు కాదు. మరుసటి దసరాకి ఇంకో విల్లు చేశాడు. అదీ పాలజిగురుదే, అంకుడూ వెదురే, కానీ తన చేతికి తగ్గట్టు గట్టిగా చేసుకున్నాడు. అది నేను లాగలేకపోయాను. పక్క ఊళ్ళ గుళ్ళ వాళ్ళు కూడా అడిగితే వాళ్ళకీ చేసిపెట్టాడు. ఆ తేలిక విల్లు మాత్రం వసారా గోడకి ఉండిపోయింది. అల్లెతాడు విప్పమని నేను చెప్తే, రేపు రేపు అంటూ దాటేశాడు. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. సముద్రపు గాలి బాగా వీచినప్పుడు ఆ తాడు సన్నగా మూలిగేది. ఇంట్లో ముగ్గురం వినేవాళ్ళం. ఎవరమూ ఆ మాట అనుకునేవాళ్ళం కాదు.

యుద్ధం అయిపోయాక ఒక మధ్యాహ్నం, మా ఆయన ఊళ్ళో లేడు. మా అత్త నన్ను పిలిచి, "ఆ విల్లు దింపి ఇయ్యవే," అంది. దింపి ఇచ్చాను. అప్పటికి ఆవిడ బాగా ముసలిదైపోయింది. కడవ ఎత్తడం కూడా మానేసింది. గోడకి ఆనుకుని నిలబడి, "ఎలగ పట్టుకోవాలి?" అని అడిగింది. చూపించాను. ఎడమచేత్తో పిడి పట్టుకుని, కుడిచేత్తో అల్లెతాడు లాగింది. వణుకుతూ వణుకుతూ, ఆ తాడు ఆవిడ చెంపదాకా వచ్చింది. అక్కడే కాసేపు పట్టి ఉంచింది. విరుగుతుందేమోనని నేను భయపడ్డాను గానీ, నేను చెప్పకముందే మెల్లిగా, ఎంత మెల్లిగా లాగిందో అంత మెల్లిగా వెనక్కి పంపింది.

"ఇంతేనా ఆడి బలం?" అంది.

నేను విల్లు అందుకున్నాను.

ఆవిడ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచింది. తర్వాత వీధి వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు, మెల్లిగా అంది:

"ఈపాటి బలముంటే మెల్లిగానైనా నడుస్తాడే."

విల్లు తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ చాటలో గన్నేరుపూలు పోసుకుని, వాడినవి ఏరి పక్కన పెడుతోంది.